కాలు ఆయనది, ఎంపిక మనదా?

(కోయంబత్తూరు, మదురై ప్రాంతాల తెలుగు సంఘాల యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మేము మాట్లాడబోయే సంగతి మన ప్రసంగ వేదికల మీద తరచుగా వినబడేది కాదు. కాలు తీసేసిన తరువాత కృత్రిమ కాలు ఎక్కడ పెట్టించుకోవాలి, ఎవరి దగ్గర పెట్టించుకోవాలి అన్నది ఆ సంగతి. ఇది ఆసుపత్రి విషయం కదా, దీనికీ వాక్యానికీ ఏం సంబంధం అని కొందరు అనుకోవచ్చు. మేమూ ఒకప్పుడు అలాగే అనుకున్నాం. అలా అనుకున్నందువల్ల ఒక తప్పు చేశాం. ముందు ఆ తప్పు మీ ముందు ఒప్పుకొని, తరువాత మిగతా మాటల్లోకి వస్తాం.

కోయంబత్తూరులో ఒక పాత తెలుగు పేటలో మా సహవాసానికి వచ్చే ఒక అన్న ఉన్నాడు. ముప్పై ఏళ్లుగా వీధులు ఊడ్చి, చెత్త ఎత్తిన మనిషి. ఒంట్లో చక్కెర జబ్బు ఉన్న సంగతి ఆయనకే తెలియదు. ఒకరోజు చెత్తలో గాజుపెంకు పాదంలో గుచ్చుకుంది. పసుపు అద్ది, గుడ్డ కట్టుకొని, మర్నాడు పనికి పోయాడు. నొప్పి తెలియలేదు. చక్కెర జబ్బు కాలికి చేసే మోసం అదే, పుండు పెరుగుతున్నా నొప్పి తెలియనివ్వదు. పాదం నల్లబడి ఆసుపత్రికి చేరేసరికి మోకాలి కింద కాలు తీయక తప్పలేదు.

సంఘమంతా కదిలింది. కానుకల సంచి పట్టాం. స్త్రీల సమాజం వారు ఇచ్చారు, యువకులు ఇచ్చారు, ఇళ్లల్లో పనిచేసుకునే అక్కలు కూడా తమకున్నదాంట్లో ఇచ్చారు. ఎవరో చెప్పిన ఒక చోటికి ఆయన్ని తీసుకెళ్లాం. కొలత తీసుకున్నారు. నాలుగో రోజు కాలు చేతికిచ్చారు. ఆ ఆదివారం ఆరాధనలో ఆయన్ని నిలబెట్టి, చప్పట్లు కొట్టి, ఫోటో తీసి, వాట్సాప్‌లో అందరికీ పంపుకున్నాం. దేవునికి స్తోత్రం అని రాసుకున్నాం.

రెండు నెలల తరువాత వాళ్ల ఇంటికి వెళ్తే ఆ కాలు మంచం కింద గోనెసంచిలో ఉంది. ఆయన చంకకర్రల మీద తలుపు దగ్గరికి వచ్చాడు. మిగిలిన కాలి చివర పచ్చి పుండు. ఎందుకన్నా మాకు చెప్పలేదు అని అడిగాం. ఆయన అన్న మాట ఇప్పటికీ మమ్మల్ని వదలదు: "అయ్యా, మీరంతా అంత సంతోషంగా ఉంటిరి. నొస్తా ఉందని ఎట్ల చెప్పేది?"

మన ఆనందం పాడవకూడదని ఆయన తన పుండును దాచుకున్నాడు. మనం డబ్బిచ్చాం, కాలు ఎంచుకున్నాం, ఫోటో తీసుకున్నాం. ఆయనను మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఆ రాత్రి మాకు మెఫీబోషెతు గుర్తుకొచ్చాడు. సమూయేలు రెండవ గ్రంథంలో అతని కథ పలు చోట్ల వస్తుంది. ఐదేళ్ల వయసులో దాది ఎత్తుకొని పారిపోతుంటే పడిపోయి రెండు కాళ్లూ కుంటివయ్యాయి. లోదెబారులో ఎవరి ఇంట్లోనో బతుకుతున్న అతన్ని దావీదు పిలిపించి తన బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. మన ఆదివారపు పాఠాలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి. కథ మాత్రం ఆగదు. అబ్షాలోము తిరుగుబాటుకు దావీదు యెరూషలేము విడిచి పోతున్నప్పుడు సీబా అనే సేవకుడు గంతలు కట్టిన గాడిదలతో, రొట్టెలతో ఎదురొచ్చి, నా యజమాని మెఫీబోషెతు ఊళ్లోనే ఉండిపోయాడు, రాజ్యం తనకు వస్తుందని ఆశపడుతున్నాడు అని చెప్పాడు. దావీదు ఆ ఒక్క మాట విని ఆస్తి మొత్తం సీబాకు రాసిచ్చాడు. తరువాత మెఫీబోషెతు వచ్చి చెప్పిన సంగతి వేరు. తాను గాడిద మీద ఎక్కి రాజుతో పోవాలనుకున్నాడు, కుంటివాడు కాబట్టి గాడిద లేకుండా కదలలేడు, సేవకుడు అతన్ని వంచించి పోయాడు.

ఆ గాడిదే ఆ రోజుల్లో అతని కాలు. ఆ కాలు ఇంకొకరి చేతిలో ఉంది. కాలు ఎవరి చేతిలో ఉందో మాట కూడా వారిదే చెల్లింది. దావీదు మంచివాడే, దయ చూపినవాడే. అయినా కుంటివాని సంగతి కుంటివానినే అడగకుండా తీర్పు చెప్పాడు. మేము ఆ అన్న విషయంలో చేసింది అదే. బల్ల దగ్గర చోటిచ్చాం, మాట అడగలేదు.

బర్తిమయి దగ్గర ప్రభువు అలా చేయలేదు. గుడ్డివానికి ఏం కావాలో అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు అనిపిస్తుంది. అయినా నీకు ఏం చేయాలని కోరుతున్నావు అన్న అర్థంలో ఆయన ముందు అడిగాడు. జనం నోరు మూయించబోయిన మనిషిని మాట్లాడనిచ్చాడు. మన పరిచర్య ఆ ప్రశ్నతో మొదలు కావాలి.

ప్రియులారా, కోయంబత్తూరు, మదురైలలో ఈ మాట ఎందుకు మరింత బరువైనదో చెప్తాం. మదురైలో 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుని కాలం నుండి తెలుగు వినబడుతోంది. సైనికులుగా, రైతులుగా, చేతిపనివారుగా వచ్చిన కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. కోయంబత్తూరులో మిల్లులు, మోటార్లు, కళాశాలలు కట్టిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. పీలమేడు పేరు తెలియనివారు లేరు. అదే ఊళ్లో, అదే భాష ఇంట్లో మాట్లాడే అరుంధతీయ కుటుంబాలు వీధులు ఊడుస్తున్నాయి, తోలు పని చేస్తున్నాయి. ఒకే భాష, రెండు బతుకులు. వీరిలో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఆసుపత్రి కాగితం తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతారు. ఎంచుకోవడం అన్న మాటే వారికి ఎవరూ నేర్పలేదు. ఇచ్చింది తీసుకోవడమే అలవాటు చేశారు. అందువల్ల కృత్రిమ కాలు ఎంపికను మేము న్యాయం విషయంగానే చూస్తున్నాం.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఆ తప్పు తరువాత మేము వైద్యులను అడిగి, కాళ్లు చేసే నిపుణులను అడిగి, అన్నిటికన్నా ముఖ్యంగా ఏళ్ల తరబడి కృత్రిమ కాలితో నడుస్తున్నవారిని అడిగి నేర్చుకున్నవి చెప్తాం. యౌవనులు దయచేసి రాసుకోండి.

మొదటిది, తొందర వద్దు. కాలు తీసిన తరువాత గాయం మానాలి, కుట్లు తీయాలి, వాపు దిగాలి. మిగిలిన కాలికి సాగే పట్టీ సరైన పద్ధతిలో కట్టాలి. దాన్ని ఆసుపత్రిలోనే నేర్చుకొని రావాలి. మోకాలి కింద తీసినవారికి సుఖంగా ఉంటుందని మోకాలి కింద దిండు పెడతారు ఇంట్లోవాళ్లు. ప్రేమతోనే పెడతారు, కానీ అలా వంచి ఉంచితే మోకాలు అలాగే బిగుసుకుపోతుంది. బిగుసుకున్న మోకాలికి మంచి కాలు అమర్చడం కష్టం. కాలు నిటారుగా ఉంచాలి, డాక్టరు ఒప్పుకుంటే రోజూ కొంతసేపు బోర్లా పడుకోవాలి. లేని పాదం నొస్తోందని, దురద పెడుతోందని వారు చెప్తే వెక్కిరించకండి, దయ్యం అనకండి. అది నరాల నుండి వచ్చే నిజమైన నొప్పి, దానికి మందులున్నాయి. గాయం మానినదాన్నిబట్టి కొన్ని వారాల నుండి రెండు మూడు నెలల తరువాతే మొదటి కాలు కొలతకు సిద్ధమవుతారు. చక్కెర జబ్బు ఉంటే ఇంకా ఆలస్యం కావచ్చు. మా అన్న విషయంలో మేము ఈ సమయాన్ని ఇవ్వలేదు.

రెండవది, కృత్రిమ కాలిలో అన్నిటికన్నా ముఖ్యమైనది సాకెట్. మిగిలిన కాలు కూర్చునే గిన్నెలాంటి భాగం అది. అంగట్లో పాదం చూపిస్తారు, మోకాలు చూపిస్తారు, విదేశీ కంపెనీ పేరు చెప్తారు. సాకెట్ సరిగా లేకపోతే లక్షల రూపాయల మోకాలు కూడా మంచం కిందికే పోతుంది. సాకెట్ సరిగా ఉంటే సాదా పాదంతో కూడా మనిషి పనికి పోగలడు. పైగా మొదటి సంవత్సరంలో మిగిలిన కాలు సన్నబడుతూనే ఉంటుంది. ఈ రోజు సరిపోయిన సాకెట్ ఆరు నెలలకు వదులు కావచ్చు. కాబట్టి కృత్రిమ కాలు చెప్పుల జతలా ఒకసారి కొని తెచ్చుకునే వస్తువు కాదు. మళ్లీ మళ్లీ వెళ్లి సరిచేయించుకోవలసిన పని అది. మీరు ఎంచుకునేది వస్తువునొక్కదాన్నే కాదు, దాన్ని చేసే మనిషిని కూడా. ఆ మనిషితో ఏళ్ల తరబడి సంబంధం ఉంటుంది.

మూడవది, ఆ మనిషి ఎవరు? మన దేశంలో కృత్రిమ అవయవాలు అమర్చే నిపుణులను ప్రోస్థెటిస్టులు అంటారు. వారికి ప్రత్యేకమైన డిగ్రీ కోర్సు ఉంది. 1992 నాటి చట్టం ప్రకారం వారు భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేసుకోవాలి. నమోదు సంఖ్య అడగడం అవమానించడం కాదు. డాక్టరు బోర్డు మీద డిగ్రీ చూస్తాం కదా, ఇదీ అంతే. చెప్పడానికి ఇష్టపడని చోట కాసేపు ఆగి ఆలోచించండి.

నాలుగవది, ఒక్క చోటే చూసి నిర్ణయించకండి. వీలైతే రెండు మూడు చోట్లకు వెళ్లి అన్నిచోట్లా ఒకే ప్రశ్నలు అడగండి. మేము ఒక కాగితం మీద రాసుకున్న ప్రశ్నలు ఇవి. ఈ కాలు ఎవరు కొలిచి చేస్తారు, మళ్లీ వచ్చినప్పుడు వారే ఉంటారా? పూర్తి సొమ్ము కట్టకముందు పరీక్ష సాకెట్‌తో నిలబడి నడిచి చూడనిస్తారా? నడక నేర్పే ఫిజియోథెరపీ ఇక్కడే ఉందా, ఎన్ని రోజులు? మొదటి సంవత్సరంలో సాకెట్ వదులైతే సరిచేయడానికి, మార్చడానికి ఎంత తీసుకుంటారు? ఏ భాగం ఎంత అని విడివిడిగా రాసిన బిల్లు ఇస్తారా? పాదం, మోకాలు పాడైతే భాగాలు ఇక్కడ దొరుకుతాయా, ఎన్ని రోజులు పడుతుంది? నాలాగే, నాకు తీసిన చోటే కాలు తీసినవారు, మీ దగ్గర పెట్టించుకున్నవారు ఎవరైనా ఉంటే, వారు ఒప్పుకుంటే, మాట్లాడించగలరా?

ఈ చివరి ప్రశ్న చాలా విలువైనది. అమ్మేవారు చెప్పనిది వాడేవారు చెప్తారు. ఎండాకాలంలో సాకెట్ లోపల చెమట ఎలా ఉంటుందో, వానలో ఏం చేయాలో, బస్సు మెట్లు ఎలా ఎక్కాలో వారిని అడగాలి.

ఐదవది, కాలు బతుకుకు సరిపోవాలి. ఇక్కడ మదురైలోని ఒక అక్క మాకు పాఠం నేర్పింది. ఆమెది పూల వ్యాపారం. తెల్లవారుజామున లేచి మల్లెలు తెచ్చుకొని, కింద కూర్చొని మాల కట్టి, వీధిలో అమ్ముతుంది. రోడ్డు ప్రమాదంలో మోకాలి పైన కాలు పోయింది. ఈసారి మేము ఎంపిక చేయలేదు. ఆమె వెంట నడిచాం, అంతే. తమిళంలో రాసిన కాగితాలు చదివి పెట్టాం. ఆమె మూడు చోట్లకు వెళ్లింది. అన్నిచోట్లా తన బతుకే చెప్పింది. "నేను కింద కూచోని పూలు కట్టేదాన్ని. నాకు బస్సు ఎక్కాల. ఇంట్లో పడమటి కక్కూసు లేదు. దీనికి తగ్గట్టు ఏమి చేస్తారు?" అని అడిగింది. ఒక చోట చాలా ఖరీదైన మోకాలు చూపించారు. ఇంకొక చోట, కింద కూర్చోవడం కష్టమేనమ్మా, ఎత్తు పీట అలవాటు చేసుకుంటే కాలు ఎక్కువ రోజులు నిలుస్తుంది, నడకలో పడిపోకుండా ఉండే మోకాలు ముందు పెడదాం అని నిజం చెప్పారు. ఆమె నిజం చెప్పినవారినే ఎంచుకుంది. ఇంకొక కారణం కూడా చెప్పింది. ఆ చోటు ఇంటికి ఒక్క బస్సు దూరం. పొద్దున వెళ్లి సరిచేయించుకొని మధ్యాహ్నానికి పూలబుట్ట దగ్గరికి రావచ్చు. మేము ఐదేళ్లు చదువుకున్నా తట్టని లెక్క అది. దూరంగా ఉన్న గొప్ప కేంద్రం కన్నా, తిరిగి వెళ్లగలిగిన మంచి కేంద్రం పేదవానికి మేలు.

మోకాలు మిగిలినవారికీ మోకాలు పోయినవారికీ చాలా తేడా ఉంటుంది. మోకాలి పైన తీసినవారు నడవడానికి ఎంతో ఎక్కువ శక్తి ఖర్చు పెట్టాలి. వారికి శిక్షణ ఎక్కువ రోజులు కావాలి. వయసు మళ్లినవారికి, గుండె జబ్బు ఉన్నవారికి ఒక్కొక్కసారి చక్రాల కుర్చీయే మంచి ఎంపిక. అది విశ్వాసం తక్కువై తీసుకున్న నిర్ణయం కాదు. కాలు పెట్టుకొని నడిస్తేనే సాక్ష్యం అని మనం వారి మీద బరువు మోపకూడదు.

ఇక డబ్బు సంగతి. యౌవనులారా, ఇది జాగ్రత్తగా వినండి. కానుకల సంచి పట్టక ముందు హక్కులు ఏమున్నాయో వెదకండి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 40 శాతం, అంతకు మించిన వైకల్యం ఉన్నవారికి ధ్రువపత్రం, దానితో యూడీఐడీ కార్డు వస్తాయి. కాలు తీసిన తరువాత చేయవలసిన మొదటి పనుల్లో ఇది ఒకటి. తమిళనాడు ప్రభుత్వంలో వైకల్యం ఉన్నవారి సంక్షేమానికి వేరే శాఖ ఉంది, ప్రతి జిల్లాలో దాని కార్యాలయం ఉంది. కృత్రిమ కాలును ఇక్కడి తమిళంలో సెయర్కై కాల్ అంటారు. ఆ మాట వాడి అడగండి. చెన్నై కె.కె. నగర్‌లో ప్రభుత్వ పునరావాస వైద్య సంస్థ ఉంది. కేంద్ర ప్రభుత్వం 1981 నుండి అడిప్ అనే పథకం నడుపుతోంది. తక్కువ ఆదాయం ఉన్నవారికి ఉపకరణాలు దాని ద్వారా ఇస్తారు. కాన్పూరులోని అలిమ్‌కో అనే ప్రభుత్వ సంస్థ వాటిని తయారు చేస్తుంది. ఈ పథకంలో ఒక మెలిక ఉంది. ఒకసారి ఉపకరణం తీసుకున్న పెద్దవారికి సాధారణంగా మూడేళ్ల దాకా మళ్లీ ఇవ్వరు. కాబట్టి గాయం మానకముందే తొందరపడి సరిపడని కాలు తీసుకుంటే ఆ మూడేళ్లూ పోయినట్టే.

మిల్లులో, కంపెనీలో, కాంట్రాక్టులో పనిచేస్తూ ఇ.ఎస్.ఐ. ఉన్నవారికి కృత్రిమ అవయవం ఆ వైద్య హక్కులో భాగమే. పనిలో ఉండగా ప్రమాదం జరిగితే నష్టపరిహారం వేరే అడగాలి. రోడ్డు ప్రమాదమైతే ట్రిబ్యునల్‌లో కేసు వేసేటప్పుడు కాలు ధర ఒక్కటే రాయించకండి. దాని మరమ్మతు, మళ్లీ మార్చే ఖర్చు కూడా రాయించండి. 2022లో సుప్రీంకోర్టు ఒక కేసులో కృత్రిమ కాలి ధరతో పాటు దాని నిర్వహణ ఖర్చును కూడా పరిహారంలో చేర్చింది. మనిషి ఇంకా ముప్పై ఏళ్లు నడవాలి. ఒక కాలు ముప్పై ఏళ్లు రాదు. కొన్నేళ్లకు ఒకసారి మార్చవలసిందే.

మన వాళ్లలో ఒక భయం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల గుర్తింపు లేదు. ఆ అన్యాయం మీద మన పోరాటం ఆగదు. దానివల్ల చాలామంది ఏ దరఖాస్తులోనైనా క్రైస్తవుడని రాయడానికే జంకుతారు. వైకల్యం హక్కులకు మతంతో పనిలేదు. ధ్రువపత్రానికి, కార్డుకు, కృత్రిమ కాలికి మీరు ఏ మతమైనా ఒక్కటే. ధైర్యంగా రాయండి, ధైర్యంగా అడగండి.

ఉచిత శిబిరాల గురించి కూడా ఒక మాట. జైపూర్ కాలు గురించి మీరు వినే ఉంటారు. 1960ల చివరలో జైపూర్‌లోని సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో రామచంద్ర శర్మ అనే చేతిపనివాడు, డాక్టర్ పి.కె. సేఠీ కలిసి దాన్ని తయారు చేశారు. విదేశీ పాదానికి బూటు కావాలి. మన వాళ్లు చెప్పులు లేకుండా నడుస్తారు, బురదలో దిగుతారు, గొంతుక్కూర్చుంటారు. దానికి తగిన రబ్బరు పాదం అది. చదువు పెద్దగా లేని ఒక పనివాని చేతులు, ఒక డాక్టరు విద్య కలిస్తే వచ్చింది. 1975లో మొదలైన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయత సమితి ఆ కాళ్లను ఉచితంగా ఇస్తోంది. అది గొప్ప సేవ. అలాంటి శిబిరాలకు వెళ్లండి, కానీ వెళ్లేముందు ఒకటి అడగండి. శిబిరం అయిపోయాక పుండు పడితే, పట్టీ తెగితే, మేము ఎవరి దగ్గరికి రావాలి? దానికి జవాబున్న శిబిరమే మంచి శిబిరం.

జైపూర్ కాలు అనగానే మన తెలుగువారికి మయూరి సినిమా గుర్తొస్తుంది. సుధా చంద్రన్ 1981లో ఈ తమిళనాడులోనే జరిగిన బస్సు ప్రమాదం తరువాత కాలు పోగొట్టుకున్నారు. 1984లో మళ్లీ వేదికెక్కి నాట్యం చేశారు. సినిమాలో ఆ మధ్య కాలం కొద్ది నిమిషాల్లో గడిచిపోతుంది. నిజ జీవితంలో అది దాదాపు మూడేళ్ల నొప్పి, సాధన. కాలు పెట్టిన వారానికే చప్పట్లు కొట్టిన మాలాంటివారు ఆ మూడేళ్లను గుర్తుపెట్టుకోవాలి.

మన క్రైస్తవ వైద్య సేవ చరిత్రలో కూడా ఒక తల్లి ఉంది. వేలూరు సి.ఎం.సి.లో యువ డాక్టరుగా ఉన్న మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చలనం పోగొట్టుకున్నారు. చక్రాల కుర్చీలో కూర్చొనే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. తరువాత పునరావాస వైద్యం చదివి వచ్చి ఆ విభాగాన్ని నడిపారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం తెరుచుకుంది. ఇప్పుడు దానికి ఆమె పేరే ఉంది. చిత్తూరు నుండి, నెల్లూరు నుండి మన తెలుగువారు ఎందరో వేలూరుకు వెళ్తుంటారు. ఆ సేవ గొప్పతనం ఏమిటంటే, వైకల్యం ఉన్న మనిషే వైద్యం ఎలా ఉండాలో నిర్ణయించే కుర్చీలో కూర్చుంది.

మదురైలో డాక్టర్ జి. వెంకటస్వామి గారి సంగతీ తెలుసుకోండి. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయినా ఆ చేతులతోనే లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారు. 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. డబ్బు కట్టినవారికీ కట్టలేనివారికీ చికిత్స నాణ్యతలో తేడా ఉండకూడదన్నది అక్కడి పద్ధతి. కంటికి సాధ్యమైన న్యాయం కాలికి ఎందుకు సాధ్యం కాదు? పేదవానికి ఉచితంగా ఇచ్చాం కాబట్టి సరిపోకపోయినా సర్దుకోవాలి అన్న మాట మన నోట రాకూడదు.

కాలు పెట్టిన తరువాత కూడా కొన్ని జాగ్రత్తలున్నాయి. మొదటి రోజుల్లో కొద్దిసేపే వేసుకోవాలి, మెల్లగా పెంచాలి. విప్పిన ప్రతిసారీ చర్మం చూసుకోవాలి, చూడలేని చోటికి అద్దం పెట్టుకోవాలి. ఎరుపు కొద్దిసేపట్లో పోతే భయం లేదు, పోకుండా ఉంటే కాలు వేసుకోకుండా కేంద్రానికి వెళ్లాలి. సాకెట్ లోపల రోజూ తుడిచి ఆరబెట్టాలి, వేసుకునే మేజోడు ఉతకాలి. చక్కెర జబ్బు ఉన్నవారు మిగిలిన పాదాన్ని రోజూ రాత్రి చూసుకోవాలి. ఒక కాలు పోయినవారికి రెండో కాలికి ప్రమాదం ఎక్కువ. మన పేటల్లో చెప్పులు కుట్టే చేతులున్నాయి. స్పర్శ పోయిన పాదాలకు మెత్తటి రబ్బరు అడుగున్న చెప్పులు ఎలా చేయాలో అవి నేర్చుకోగలవు. లోకం చిన్నచూపు చూసిన ఆ పని ఒక పాదాన్ని నిలబెట్టగలదు.

ఇక సంఘంగా మనం ఏం చేయాలి? మేము ఇప్పుడు కొన్ని నియమాలు పెట్టుకున్నాం. ఆ మనిషి గురించి జరిగే ఏ మాటైనా ఆ మనిషి ఉండగానే జరగాలి. ఎంపిక ఆయనదే, ఆమెదే. మేము వెంట వెళ్లి, కాగితం చదివి, అనువదించి, ప్రశ్న అడగడానికి ధైర్యం ఇస్తాం. సేకరించిన డబ్బులో కొంత భాగం మొదటి రోజే ఖర్చు పెట్టకుండా, తరువాత సరిచేయించే పనికి, బస్సు ఖర్చుకు దాచిపెడతాం. ఫోటో తీయం. ఆరాధనలో నిలబెట్టం. వారే సాక్ష్యం చెప్పాలనుకుంటే వింటాం, నొప్పి ఉందని చెప్పినా అది సాక్ష్యమే. మూడు నెలలకు ఒకసారి ఒక యువకుడు గానీ యువతి గానీ ఇంటికి వెళ్లి ఒకే ప్రశ్న అడగాలి, నొప్పి ఉందా అని. చర్చి గుమ్మానికి మెట్లతో పాటు వాలు దారి కట్టాలి. ఇంతకాలం మన గుడి మెట్లు ఎవరెవరిని బయట ఆపాయో దేవునికే తెలుసు.

మా అన్న సంగతి అడుగుతారేమో. ఆయన పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. ఈసారి ఆయనే రెండు చోట్లకు వెళ్లి, ఆయనే మాట్లాడి, ఒక ప్రభుత్వ కేంద్రంలో కాలు పెట్టించుకున్నాడు. రెండు సార్లు సాకెట్ మార్చారు. ఇప్పుడు వీధులు ఊడవడం లేదు. పేటలో చిన్న బంకు పెట్టుకున్నాడు. పోయిన నెల మేము వెళ్తే, కూర్చోండి అయ్యా అని కుర్చీ వేసి, నిలబడే చెప్పాడు: "ఇంకా కొంచెం నొస్తుంది. వచ్చే సోమవారం పోయి చెప్తా." ఆ మాట విని మేము ఇంటికి వస్తూ దేవునికి స్తోత్రం చెల్లించాం. ఈసారి ఆయన నొప్పిని మా నుండి దాచుకోలేదు.

మెఫీబోషెతు గాడిదను వేరెవరో తీసుకుపోకుండా చూడటం, అది అతని చేతికే అందేలా చూడటం మన పని. ఆ తరువాత ఎటు పోవాలో అతడే చెప్తాడు. ప్రభువు ఈ మాటలను మనందరి మధ్య క్రియలుగా మార్చును గాక. ఆమేన్.